పైనుంచి నాలుగో మెట్టు

నీళ్ల మీద నెమ్మదిగా పోతుంటే మనసు తేలికపడుతుందని ఆ టూర్ కంపెనీ కాగితంలో రాసుంది. మూడు రోజులు నీళ్ల మీద నెమ్మదిగానే పోయొచ్చాను. మనసు తేలికపడలేదు సరికదా, ఆ కాగితం రాసినవాడు కనిపిస్తే దులిపెయ్యాలన్న కోరిక ఇంకా అలాగే ఉంది. మీలో ఎవరైనా ఖతర్ వచ్చి, పాతకాలపు చెక్క పడవలో తీరం వెంబడి షికారు చేద్దామనుకుంటే ముందు ఇది చదవండి.

నేను మెసయీద్‌లో ఒక ఫ్యాక్టరీ స్టోర్‌లో పనిచేస్తాను. అడిగినవాళ్లకు నట్లు, బోల్టులు, గ్లౌజులు అందించడం నా డ్యూటీ. కోపం నాకు పుట్టుకతో వచ్చిందని మా అక్క అంటుంది. షికార్లు చేసే రకం మాత్రం కాదు. ఈ ప్రయాణం పెట్టుకున్నది మా బావ కోసం.

బావ పేరు గంగారాం, మా అక్క భర్త. మాది మెట్‌పల్లి దగ్గర ఊరు. ఇరవై రెండేళ్లు ఆయన ఖతర్‌లో సెంట్రింగ్ మేస్త్రీ. కాంక్రీటు పోసే ముందు చెక్కలతో అచ్చు కడతారు చూడండి, ఆ పని. మా అక్క మాత్రం ఆయన దుబాయ్‌లో ఉన్నాడనే ఊరంతా చెప్పేది. ఖతర్ వేరు, దుబాయ్ వేరని నేను చెప్పీ చెప్పీ మానుకున్నాను. ప్రయాణం అయ్యాక వచ్చే సోమవారం బావ పూర్తిగా ఇంటికి వెళ్లిపోవాల్సి ఉంది. మళ్లీ రాడు. పోయేముందు ఏం కావాలో అడగమని పట్టుబడితే, టీవీ అనలేదు, ఫోన్ అనలేదు.

"ఉత్తరం దిక్కు చేపల రేవుల నేను కట్టిన మెట్లున్నయ్. ఒక్కపారి చూసి పోత," అన్నాడు.

మదీనత్ అల్ షమాల్ దాటాక సముద్రం ఒడ్డున ఒక చిన్న రేవు ఉంది. పద్నాలుగేళ్ల కింద అందులో పడవలు దిగేవాళ్ల కోసం మెట్లు కట్టాడు. రెండుసార్లు బస్సెక్కి అక్కడిదాకా పోయాడట. పాస్ లేదని గేటు దగ్గరే ఆపేశారు. కట్టేటప్పుడు రోజూ అదే గేటులోంచి పోయిన మనిషి. పడవలో వచ్చేవాళ్లను మాత్రం ఎవరూ ఆపరు, ఎందుకంటే వాళ్లు గేటు వైపు నుంచి రారు. ఆ రేవు దగ్గర ఆగే షికారు పడవ ఒకటి ఉందని తెలిసి, రెండు సీట్లు తీసుకున్నాను.

అల్ వక్రా: ఆరు బ్యాగులు

గురువారం పొద్దున అల్ వక్రా రేవుకు చేరేసరికి పొగమంచు. ఈ దేశంలో పొగమంచా అని మీరు నవ్వొచ్చు. మార్చి నెలలో ఇక్కడి వాతావరణానికి స్థిరం లేదు. పొద్దున మంచు, పదింటికి ఎండ, మధ్యాహ్నం ఇసుక గాలి, బుద్ధి పుడితే వాన. రేవు బయట కొట్లో కరక్ చాయ్ ఒక రియాల్. పాలు, యాలకులు బాగా మరిగించి ఇచ్చాడు. అది తాగి ఉన్న కాసేపు నేను మంచివాడిగానే ఉన్నాను.

పడవ దగ్గర మా గైడ్ ముజీబ్ నిలబడ్డాడు. బోధన్ మనిషి, ముప్పై ఐదేళ్లుంటాయి, ఉర్దూ తెలుగూ కలిపి మాట్లాడతాడు. మన జిల్లాల మనిషని సంతోషపడబోతున్నాను, ఇంతలో ఒక టాక్సీ ఆగింది. ఇంగ్లండ్ నుంచి వచ్చిన వయసు మళ్లిన భార్యాభర్తలు దిగారు. ఆవిడ పేరు మార్గరెట్. దిగీ దిగగానే మా బావ చేతులు చూసింది, ఆయన చొక్కా చూసింది, తన బ్యాగు ఆయన చేతికిచ్చింది. ముజీబ్ కూడా ఆయన్ని చూసి, "చాచా, మిగతావి కూడా లోపల పెట్టు," అన్నాడు.

బావ ఆరు బ్యాగులూ మోశాడు. ఈయన కూలీ కాదు, నీ పడవకు డబ్బు కట్టిన మనిషి అని నేను ముజీబ్ మీద విరుచుకుపడ్డాను. వాడు నాలుక కరుచుకుని సారీ అన్నాడు. మార్గరెట్ ముఖం ఎర్రబడింది, ఆవిడ కూడా సారీ అంది. బావకు మాత్రం చీమ కుట్టినట్టు కూడా లేదు.

"ఊకె ఒర్లకు శీనూ. నేనేం అరిగిపోయిన్నా?"

నాకు ముజీబ్ మీద కంటే బావ మీదే ఎక్కువ మండింది.

పడవ నడిపేది గుజరాత్ ముసలాయన. ఇక్కడ పడవ సరంగును నఖుదా అంటారు. మూడు రోజుల్లో ఆయన మాట్లాడింది పది మాటలకు మించదు. పడవ వేగం చెప్పాలంటే, ఒడ్డున సైకిల్ తొక్కేవాడు మమ్మల్ని దాటిపోయి, దూరాన ఆగి నీళ్లు తాగి, మళ్లీ వెనక్కి వచ్చి మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు. లోపల కరక్ లేదు. కాఫీ పదిహేను రియాల్లు, అది కూడా చల్లారింది.

మంచు విడిచాక దోహా ఎత్తు భవనాలు కనిపించాయి. బావ వేలు పెట్టి చూపించాడు: దానికి కింది ఆరు అంతస్తులు, దీనికి పార్కింగు, అదిగో ఆ వంకర దానికి మెట్లు. మెట్లంటే తనకే ఇచ్చేవారట. ఎవరూ ఆయన్ని అలా దూరంగా నిలబెట్టి ఏది కట్టావని ఇరవై రెండేళ్లలో అడగలేదు. నేనూ అడగలేదు. మార్గరెట్ అడిగింది. నేను ఇంగ్లీషులోకి మార్చి చెబుతుంటే ఆవిడ ఒక్కొక్కదాన్నీ ఫోటో తీసుకుంది.

బ్యాచిలర్ల సంగతి

మధ్యాహ్నం ఒక బీచు దగ్గర లంగరు వేసి, చిన్న బోటులో ఒడ్డుకు దింపారు. మార్గరెట్, ఆమె భర్త ముందు నడిచారు. మమ్మల్ని గార్డు ఆపాడు. ఈ రోజు ఫ్యామిలీలకే, బ్యాచిలర్లకు లేదన్నాడు.

బ్యాచిలర్లంటే మేము. బావకు పెళ్లై ముప్పై రెండేళ్లు. మనవరాలు బడికి పోతోంది. నాకు ఇద్దరు పిల్లలు. కానీ ఇక్కడ భార్య పక్కన లేని కూలి మనిషి ఎన్నేళ్లు వచ్చినా బ్యాచిలరే. మా ఊళ్లో ఆయన్ని ఎవరన్నా ఇలా అని ఉంటే పంచాయతీకి పెద్దమనుషుల్ని పోగేసేవాళ్లు. నేను గార్డుతో గొడవ పడ్డాను. వాడు నేపాల్ మనిషి, వాడూ మాలాంటివాడే. చెప్పిన మాటే మెల్లగా మళ్లీ మళ్లీ చెప్పాడు తప్ప ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. తిట్టడానికి కూడా పనికిరాని మనిషి మీద కోపం వస్తే ఎంత కష్టమో నాకు తెలుసు.

బావ నా చెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పాడు. పోతూ పోతూ, ఆ నడకదారి కింద గోడ చూడు, దాని సెంట్రింగ్ మాదే అన్నాడు, వాతావరణం గురించి చెప్పినట్టు. నేను తిరిగి గార్డు దగ్గరికి పోబోతే చొక్కా పట్టి లాగాడు.

సాయంత్రం పడవలో వంటవాడు మచ్‌బూస్ వండాడు. మాంసం, బియ్యం కలిపి ఉడికించే వీళ్ల వంట. వాసన ఘుమఘుమలాడింది, నోట్లో పెడితే కారం అన్నది లేదు. బావ సంచిలోంచి చింతకాయ తొక్కు డబ్బా తీశాడు. మార్గరెట్ వేలికి కొంచెం అంటించుకుని నాకి, కళ్లనీళ్లు పెట్టుకుని, ఇంకొంచెం అడిగింది. అప్పుడే చెప్పింది, వాళ్లకు ఇంటి దగ్గర కాలువ మీద సన్నటి పొడుగు పడవ ఉందట. వెడల్పు రెండు మంచాలంత. మనిషి నడిచే వేగంతో పోతుందట. ఒక పూట ఎండ, ఒక పూట వాన. దారిలో నీటి గేట్లు వస్తే, నీళ్లు నిండేదాకా ఆగి చాయ్ తాగుతారట. మా ఊరి పక్క కాలువలో వారానికోసారి నీళ్లు వదులుతారని, అందులో పడవలు కాదు బర్రెలు ఈదుతాయని చెప్పాను. ఆవిడ నవ్వింది. పొద్దున బ్యాగు సంగతి నేను పూర్తిగా మరిచిపోలేదు, కాని కొంచెం తగ్గాను.

అల్ ఖోర్: గాలి

శుక్రవారం మధ్యాహ్నానికి ఉత్తరం గాలి లేచింది. ఆకాశం పసుపు పచ్చగా మారింది. ఇసుక పళ్ల మధ్య కరకరలాడింది. పడవ ముక్కు లేచి పడుతుంటే మార్గరెట్ భర్త కడుపు పట్టుకుని పడుకున్నాడు. నఖుదా అల్ ఖోర్ రేవులోకి తిప్పి కట్టేశాడు.

నాలుగింటికి ముజీబ్ వచ్చి, ప్రయాణం ఇక్కడితో సరి, రేపు పొద్దున ఏడింటికి వ్యాన్ వస్తుంది, అందరినీ దోహాలో దింపుతాను అన్నాడు.

నేను ఏమేమి అన్నానో ఇక్కడ రాయలేను. డబ్బు తీసుకునేటప్పుడు గాలి గురించి ఎందుకు చెప్పలేదన్నాను. బోధన్‌లో నీకు నేర్పిందిదేనా అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అప్పటిదాకా తల దించుకున్న ముజీబ్ తలెత్తాడు.

"అన్నా, నేను మీకు దుష్మన్ కాదు. హవా తేజ్ ఉంది. ఎవరికన్నా ఏమన్నా అయితే నా పర్మిట్ పోతది, ఇంటికి పోత. మీరు ఎంత గుస్సా చేసినా పడవ పోదు."

వాడు వెళ్లిపోయాడు. నేను తాళ్ల కట్టను ఒక్క తన్ను తన్నాను, వేలు వాచింది. బావ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆ తర్వాత, ఆ మెట్లు ఎందుకు చూడాలో చెప్పాడు. నేను అప్పటిదాకా అదేదో తన చేతిపనిని చూసుకుని మురిసిపోవాలనే ముచ్చట అనుకున్నాను.

డ్రాయింగులో పన్నెండు మెట్లు ఉన్నాయట. మన దగ్గర మేస్త్రీలు మెట్లు ఎలా లెక్కపెడతారో మీకు తెలుసు. లాభం, నష్టం, లాభం, నష్టం. చివరి మెట్టు లాభం మీద పడాలి. పన్నెండు వేస్తే నష్టం మీద ఆగుతుంది. రోజూ సముద్రం మీదికి పోయి ప్రాణాలతో తిరిగొచ్చే మనుషులు ఎక్కే మెట్లు. వాళ్లను నష్టం మీద ఒడ్డుకు ఎక్కించడం బావకు మనసొప్పలేదు. ఇంజనీరుకు చెబితే నవ్వుతాడు. అందుకని చెప్పకుండా పదకొండే కట్టాడు. తగ్గిన మెట్టు ఎత్తును మిగతావాటికి పంచాడు. పంచడంలో లెక్క తప్పింది. పైనుంచి నాలుగో మెట్టు మిగతావాటికంటే రెండు వేళ్లు ఎక్కువ ఎత్తు వచ్చింది. చూసుకునేసరికి కాంక్రీటు గట్టిపడింది. మర్నాడే కంపెనీ వేరే సైటుకు పంపింది. మెట్లు ఎన్నని లెక్కపెట్టినవాడు లేడు.

"రెండు వేళ్లంటే కండ్లకు ఆనది. కాలికి తెలుస్తది," అన్నాడు బావ. "ఐసు డబ్బలు నెత్తిన వెట్టుకొని ఎక్కుతరు. ఎవడన్న పడ్డడో, ఎవని కాలన్న ఇరిగిందో. పద్నాలుగేండ్ల సంది ఏ మెట్లెక్కినా గదే యాదికొస్తది."

అలాంటి మంచి పని చేయమని నిన్నెవరు అడిగారు బావా అని నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఎటు పంపాలో తెలియక, వాచిన వేలు రుద్దుకుంటూ కూర్చున్నాను.

మార్గరెట్ అంతా వింటోంది. భాష తెలియకపోయినా ఏదో ఉందని గ్రహించి, ఏమైందని అడిగింది. చెప్పాను. ఆవిడ లేచి ముజీబ్ దగ్గరికి వెళ్లింది. అరవలేదు. తమ కాలువల మీద వాతావరణంతో ఎవరూ దెబ్బలాడరని, కట్టేసి చాయ్ పెట్టుకుంటారని, రేపు వ్యాన్‌ను ఏడింటికి కాకుండా పదింటికి రమ్మంటే ఏం పోతుందని అడిగింది. ముజీబ్ నఖుదా వైపు చూశాడు. నఖుదా ఆకాశం చూసి, "సుబహ్ దేఖేంగే," అన్నాడు. పొద్దున చూద్దామని. నేను గంటసేపు అరిచి సాధించలేనిది ఆవిడ ఒక కప్పు చాయ్‌తో సాధించింది. ఇది కూడా నాకు నచ్చలేదు.

రేవు

శనివారం తెల్లవారగానే వాన. పెద్ద చినుకులు, ఇసుక అంతా కడిగేసి, ఎనిమిదింటికి ఆగిపోయింది. గాలి పడిపోయింది. నఖుదా ఇంజన్ స్టార్ట్ చేశాడు, ఎవరినీ అడగలేదు. ముజీబ్ ఫోన్ చేసి వ్యాన్‌ను అల్ ఖోర్‌కు కాకుండా ఆ ఉత్తరం రేవుకే రమ్మన్నాడు. దారిలో గ్యాస్ ప్లాంట్ల వైపు దగ్గరికి రానివ్వరు కాబట్టి సముద్రంలోకి దూరంగా చుట్టు తిరిగి పోవాలి. వాటి గొట్టాల మీది మంటలు మాత్రం ఎంతోసేపు కనిపించాయి. బావ పడవ ముందు భాగంలో నిలబడే ఉన్నాడు. భోజనానికి కూడా రాలేదు. ముజీబ్ ప్లేటు తెచ్చి ఆయన చేతికిచ్చి, "చాచా, తినండి," అన్నాడు. మొదటిరోజు బ్యాగులు మోయించిన మనిషి. నేను చూడనట్టు ఊరుకున్నాను.

మూడున్నరకు రేవు చేరాం. ముజీబ్ అరగంట ఇచ్చాడు. నీళ్లు తగ్గి ఉన్నాయి. కింది మూడు మెట్లు పచ్చగా పాకురు పట్టి ఉన్నాయి. పైవి పొడిగా, తెల్లగా ఉన్నాయి. బావ చెప్పులు విడిచి ఎక్కాడు. లాభం, నష్టం అని పెదవులు కదిలాయి. పైనుంచి నాలుగోదాని దగ్గర వంగి, వేళ్లు ఆనించి చూశాడు. రెండు వేళ్లు, అలాగే ఉంది. సిమెంటు అరిగితే తగ్గుతుందేమోనని ఇన్నేళ్లూ లోపల ఎక్కడో ఆశ పెట్టుకున్నాడట.

అప్పుడే ఒక చేపల పడవ వచ్చి ఆగింది. బావ గోడ వారకు జరిగి కూర్చున్నాడు. నేను పక్కన. పడవ మనుషులు ఐసు డబ్బాలు మోసుకుంటూ ఒక్కొక్కరే ఎక్కడం మొదలుపెట్టారు. మొదటివాడు నాలుగో మెట్టు దగ్గరికి వచ్చాడు. బావ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. వాడు కిందికి చూడలేదు. పక్కవాడితో ఏదో మాట్లాడుతూనే అక్కడ కాలు కొంచెం ఎక్కువ ఎత్తి వేశాడు. రెండోవాడూ అంతే. నెత్తిన డబ్బాతో వచ్చిన ముసలాయనా అంతే. ఎవరూ తడబడలేదు. అందరికీ అక్కడ ఒక్క అడుగు పెద్దది.

"కాళ్లకు ఎరికైంది," అన్నాడు బావ. నా చెయ్యి వదిలాడు. పద్నాలుగేళ్ల బరువు దిగినట్టు నవ్వాడు. ఆ నవ్వు మా అక్క పెళ్లిలో చూశాను, మళ్లీ ఇప్పుడు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. పావుగంట కూడా కాలేదు, నేను మెట్ల కింద ముఖం కడుక్కుంటుంటే, పైనుంచి ముజీబ్ చప్పట్లు కొట్టి "యల్లా, యల్లా, చలో," అన్నాడు. అరగంట అన్నాడు కదా. ఈ మనిషిని పావుగంట కూర్చోనివ్వవా అని నాకు తల తిరిగిపోయింది. అనాల్సిన మాటలన్నీ నోట్లో పెట్టుకుని, వాడి ముఖం మీదినుంచి చూపు తిప్పకుండా మెట్లు పరిగెత్తి ఎక్కాను.

నాలుగో మెట్టుకు కాలు తగిలి ముందుకు పడ్డాను. మోకాలు చిప్ప మీద చర్మం లేచిపోయింది. రక్తం ప్యాంటులోంచి కారింది.

ఆ రేవులో ఆ మెట్టు సంగతి ముందుగా తెలిసి అడుగుపెట్టినవాళ్లు ముగ్గురే. కట్టినవాడు, మార్గరెట్, నేను.

బావ పరిగెత్తుకొచ్చాడు. నవ్వు లేదు. ముఖం చూడలేకపోయాను.

"మెట్టేనా?" అన్నాడు.

నా జీవితంలో ఎవరినీ తిట్టకుండా వదిలింది లేదు. అప్పుడు తిట్టడానికి నోట్లో అంతా సిద్ధంగా ఉంది. మెట్టు కాదు బావా, పాకురుకు జారాను, చెప్పుల తడి అన్నాను. ఆయన మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పాను. మార్గరెట్ తన బ్యాగులోంచి మందు తీసి కట్టు కట్టింది. ముజీబ్ నన్ను భుజం పట్టి నడిపించి వ్యాన్ ఎక్కించాడు. గాలి మళ్లీ లేస్తోందని, సామాన్లు దింపితే పడవ తిప్పుకుపోతానని నఖుదా చెప్పాడు, అందుకే తొందరపెట్టాను, మాఫ్ కరో అన్నాడు. దోహాదాకా వాడిని నేను ఏమీ అనలేదు.

తిరిగొచ్చాక

సోమవారం బావను విమానం ఎక్కించాను. కుంటుకుంటూనే పోయాను. ఇల్లు చేరిన నాలుగోనాడు ఫోన్ చేశాడు. అక్క బాగుందన్నాడు, మనవరాలు తనను దుబాయ్ తాత అంటోందన్నాడు. మోకాలు మానిందా అన్నాడు. మానుతోంది, పాకురు దెబ్బ ఎంతసేపు బావా అన్నాను.

"నీళ్లందనికాడ పాకురు ఏడిదిరా శీనూ," అన్నాడు.

ఆ తర్వాత, కొత్తగా వచ్చేటోళ్ల కాళ్లకు ఎరికుండదు గదా, ఆ మెట్టు అంచుకు పసుపు రంగు పట్టీ ఒకటి వేయించమన్నాడు.

అప్పటినుంచి రెండు శుక్రవారాలు ఆ గేటు దగ్గరికి పోయాను. మొదటిసారి పాస్ లేదన్నారు. రెండోసారి ఇంగ్లీషులో అర్జీ రాసి తీసుకుపోయాను. కాపలా మనిషి చదివి, రెండు వేళ్లే కదా, మాఫీ ముష్కిల్, ఏం ఇబ్బంది లేదు పొమ్మని నవ్వాడు. నేను ప్యాంటు పైకి మడిచి మోకాలు చూపించాను. లోపలికి పంపలేదు. పసుపు రంగు డబ్బా ఒకటి కొని నా స్టోర్‌లో పక్కన పెట్టుకున్నాను. వచ్చే శుక్రవారం మళ్లీ పోతాను. ఈసారి అరవకూడదని అనుకుంటున్నాను, చెప్పలేను.

ఆలోగా మీరెవరైనా పడవలో ఆ రేవుకు పోతే, కాఫీ తాగకండి, అల్ వక్రాలో కరక్ తాగి ఎక్కండి. ఒడ్డుకు ఎక్కేటప్పుడు ఎవరి ముఖమూ చూడకండి. పైనుంచి నాలుగో మెట్టు దగ్గర కాలు కొంచెం ఎత్తి వేయండి.